కాకి ముట్టిన పూట

కొన్నేళ్లుగా ఒక గారె ముక్క బరువు మోస్తున్నాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఇంట్లో అందర్నీ నవ్వించేది నేనే. నాకే నవ్వు రావడం లేదు.

అమ్మ దివిసీమ పిల్ల. పన్నెండో ఏట బందరు కాపురానికొచ్చి, యాభై ఏళ్లు నాన్న కోపాన్ని కూరలో ఉప్పులా సరిచూసుకుంటూ బతికింది. ఆవిడ నోట నాన్న పేరు ఎవరూ వినలేదు. నాన్న నోట ఆవిడ పేరు వినని పూట లేదు. వయసు మళ్లాక పుట్టినవాళ్లం నేనూ, చెల్లెలు కుమారీ.

పోయేముందు అమ్మ నాతో ఒకటే చెప్పింది. కుమారిని నర్సు ట్రైనింగుకి పంపాలి, ముదినేపల్లి మేనత్త కొడుక్కి ఇవ్వొద్దు. మీ నాన్నకి నువ్వే చెప్పాలిరా అంది. కార్యం అయ్యాక చెబుదాంలే అనుకున్నాను.

పదో రోజు కాలవ గట్టున పిండం పెట్టారు. కాకి రాలేదు. పోయినవాళ్ల కోరిక మిగిలిపోతే ముట్టదంటారు కదా, ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటిస్తున్నారు. నాన్న చుట్ట మానేస్తానన్నాడు. కాకి నమ్మలేదు. ఎండ. ఆకలి. కాకి తినకముందే వంటింట్లో కొట్టేసిన గారె ముక్క నా జేబులో ఉంది. చెప్పాల్సిన మాటా నాకు తెలుసు. ఎందుకు చెప్పలేదు? నోరు తెరిస్తే అంతమందిలో ఏడుస్తాననా? ఎవరూ చూడకుండా గారె తీసి పిండం ఆకు పక్కకి విసిరాను. సరిగ్గా అప్పుడే మేనత్త చేతులు జోడించింది.

"వదినా, చిన్నదాన్ని మావాడికి చేసుకుంటాం. బెంగపెట్టుకోకు."

కాకి దిగింది. గారె తిని, మర్యాదకి పిండమూ ముట్టింది. అందరూ దండాలు పెట్టారు.

సాయంత్రం కుమారి పెరట్లో నన్ను పట్టుకుంది.

"అన్నయ్యా, అమ్మకి ఈ సంబంధం ఇష్టం లేదుగా. మరి కాకెందుకు ముట్టింది?"

"పోయాక జ్ఞానం వచ్చుంటుందిలేవే."

అది నవ్వలేదు.

ఆ వేసవిలోనే పెళ్లయింది. బావ చెడ్డవాడు కాదు. కొట్టడు, తిట్టడు, చదువు మాటెత్తనివ్వడు. గుడివాడ ఆస్పత్రిలో పురిటికి చేరినప్పుడు కుమారి బిడ్డ కంటే ఎక్కువసేపు నర్సులకేసే చూసింది.

పోయాక కూడా పిల్ల పెళ్లి తనే కుదిర్చిందండీ అని నాన్న వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. ఆయనకి మిగిలింది అదొక్కటే. దాన్నెలా లాక్కోను? లాక్కోకుండా కుమారి మొహం ఎలా చూడను? లేక నాన్న మీద జాలి అనుకుంటున్నది ఉత్త పిరికితనమేనా?

మొన్న వచ్చినప్పుడు కుమారి, అమ్మ మాట కాదనలేకే చేసుకున్నానంది. నేను చెప్పులు వేసుకుని బయటికెళ్లిపోయాను.

దానికి చెప్పలేనిది మీకు చెబుతున్నాను. అమ్మ ఒప్పుకోలేదండీ. వద్దంది. నాతోనే అంది.