సుధాకర్ పేరు మీద ఇచ్చిన సలహా

2002 జూన్‌లో నన్ను మత్స్యశాఖ అభివృద్ధి అధికారిగా నాగాయలంకకు వేశారు. ఎఫ్.డి.ఓ. అంటారు. మా పైన సహాయ సంచాలకులు, ఆయన పైన మచిలీపట్నంలో ఉప సంచాలకులు. రొయ్యల చెరువుల నమోదు చూడటం, నీళ్ళు పరీక్షించటం, జబ్బు కనిపిస్తే రైతుకు సలహా చెప్పటం నా పని. అదే ఉత్తర్వులో, అదే హోదాలో సుధాకర్‌ని మచిలీపట్నం, అంటే మా నోటి బందరులో, జిల్లా కార్యాలయానికి వేశారు. నాకు ఉప్పుగాలి, మోటారు సైకిలు. అతనికి ఫ్యాను, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు.

మాది ఒకే బ్యాచ్. శిక్షణలో మార్కులు నావే ఎక్కువ. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. ఆరు నెలలు తిరిగేసరికి గుడివాడ వైపు మంచినీటి చేపల రైతులు కూడా అతనికే ఫోను చేస్తున్నారు. నా చెరువుగట్టు మీద, నా ఎదుటే, "ఎందుకైనా మంచిది, సుధాకర్ గారిని కూడా ఓ మాట అడుగుదామండీ" అనేవాళ్ళు. ఇలా అన్న ప్రతిసారీ తేదీ వేసి డైరీలో రాసుకున్నాను.

అతని విద్య ఏమిటో తెలుసుకోవాలని, నెలవారీ సమావేశానికి బందరు వెళ్ళినప్పుడు అతని కుర్చీ వెనకాల నిలబడ్డాను. దాస్తాడనుకున్నాను. దాచి ఉంటే తిట్టుకోవటానికి బాగుండేది. అతను కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టాడు.

"సెర్చ్ ఇంజను విసురు వల బావా. పైపైన తిరిగే చేప పడుద్ది. బురదలో మట్టగిడస పడదు. దానికి చెయ్యి పెట్టాల్సిందే."

మందు పేరు కొడితే ముందు వచ్చేవి ఆ మందు అమ్మేవాళ్ళ పేజీలేనని చూపించాడు. ఆ తరువాత తన పద్ధతి చెప్పాడు. ఈ సంగతి రాయటం ఎవరి ఉద్యోగం? తప్పు రాస్తే ఎవరికి నష్టం? ముందు అది ఆలోచించి, నేరుగా ఆ కార్యాలయం సైటుకే వెళ్ళాలి. మన రొయ్యలు కొనే దేశాల్లో, రేవులో సరుకు పరీక్షించి తిప్పి పంపే శాఖలుంటాయి. ఏ సరుకు ఎందుకు తిప్పి పంపారో అవి నమోదు చేస్తాయి. వాటి సైటులో ఖాళీ గళ్ళుంటాయి. దేశం, సరుకు పేరు నింపితే అప్పుడు పట్టిక తయారై వస్తుంది. అడిగేదాకా ఆ పట్టికే ఉండదు, కాబట్టి సెర్చ్ ఇంజనుకు కనిపించదు. ఇంత తేలికైన సంగతి నాకు తట్టలేదేమని దారి పొడవునా బస్సులో కుమిలిపోయాను.

మరుసటి మార్చిలో మా పరిధిలోని వెంకటరత్నం చెరువులో రొయ్యలకు మొప్పలు నల్లబడ్డాయి. రెండెకరాల కౌలు చెరువు. అంతకు ముందు పంట వైరస్‌తో పోయింది. ఇదీ పోతే కౌలు వదులుకొని మళ్ళీ వేట పడవ మీద కూలికి పోవాల్సిందే. రొయ్యల పట్టుబడికి ఇంకా కొద్ది వారాలున్నాయి. చెరువు అడుగున మేత కుళ్ళటం వల్ల వచ్చిందని చూడగానే తెలిసింది. మేత తగ్గించి, కాలవలోకి వచ్చే పోటు నీళ్ళు తోడి చెరువు నీళ్ళు సగం మార్చమన్నాను.

మేత దుకాణం బసవయ్య అప్పటికే ఒక పొడి మందు సంచీ గట్టు మీద దింపాడు. దాంతోపాటు ఇంటర్నెట్ నుంచి తీసిన రంగుల కాగితమూ ఇచ్చాడు. విదేశాల్లో వాడుతున్నారని, రొయ్య మూడు రోజుల్లో తేరుకుంటుందని అందులో ఉంది.

"నీళ్ళు మారిస్తే జబ్బు పోద్దాండీ? అక్కడ దొరలే వాడతంటేను!" అన్నాడు బసవయ్య.

మర్నాడు పొద్దుగూకేలోపు మందు చల్లాలా వద్దా తేల్చుకుంటానన్నాడు వెంకటరత్నం. సంచీ వెనక చిన్న అక్షరాల్లో మందు అసలు పేరుంది. అది యాంటీబయాటిక్. పేరు రాసుకొని పొద్దున్నే బందరు వెళ్ళాను. సుధాకర్ చుట్టాల పెళ్ళికని ఊరు వెళ్ళాడు, ఫోనుకు దొరకలేదు. దొరకనందుకు సంతోషించానని ఆనాటి డైరీలో ఉంది. అతని గదికి తాళం. బస్టాండు దగ్గర నెట్ సెంటరులో కూర్చున్నాను.

ముందు మామూలుగానే వెతికాను. బసవయ్య కాగితమే మొదట వచ్చింది. అప్పుడు సుధాకర్ దారి పట్టి, కొనే దేశపు పరీక్షల శాఖకు వెళ్ళి గళ్ళు నింపాను. లైను రెండుసార్లు తెగింది. మూడోసారి పట్టిక వచ్చింది. మన దేశపు రొయ్యలు, తిరస్కరణ, కారణం ఆ మందు అవశేషం. ఒక వరస కాదు, తెర నిండా. అచ్చు తీయించుకొని మధ్యాహ్నం బస్సెక్కాను. ఎవరి సాయమూ లేకుండా చేసిన పని అని నాకు చాలా గర్వంగా ఉంది.

గట్టు మీద వెంకటరత్నం ఒక చేత్తో బసవయ్య కాగితం, ఒక చేత్తో నా కాగితం పట్టుకున్నాడు. రెండూ ఇంగ్లీషే. బసవయ్య దానికి రంగులున్నాయి, నా దానికి గీతలున్నాయి. ఈ మందు చల్లితే రొయ్య బతికినా కొనేవాడుండడని విడమరిచి చెప్పాను. సంచీ మూతి అప్పటికే విప్పి ఉంది. అతను నా మొహంలోకి చూశాడు.

"ఇది సుధాకర్ గారు తీసిందేనాండీ?"

కాదు, నేనే తీశానని నోటిదాకా వచ్చింది. పొద్దుటి నుంచి పడ్డ పాటంతా అక్కడే ఉంది. కానీ అలా అంటే అతను మందు చల్లుతాడని తెలిసిపోయింది.

"అవును, ఆయనే," అన్నాను.

"అదీ, ముందే ఆ ముక్క చెప్పొచ్చు గదండీ!" అని సంచీ మూతి కట్టేసి, నీళ్ళు తోడే ఇంజను పెట్టమని తమ్ముడికి కేక వేశాడు.

పోటు నీళ్ళతో మొప్పలు తేటపడ్డాయి. కొనుగోలు కంపెనీ వాళ్ళు మచ్చు పరీక్షించి మొత్తం తీసుకున్నారు. వెంకటరత్నం బుట్టెడు మండపీతలు పట్టుకొని బందరు వెళ్ళి సుధాకర్ చేతిలో పెట్టి వచ్చాడు.

సుధాకర్ ఫోను చేశాడు. "పెళ్ళిలో ఉండి నేను నీకేం చెప్పానోయ్?" అన్నాడు. జరిగింది చెప్పాను. పగలబడి నవ్వి, సగం పీతలు పంపుతానన్నాడు. వద్దన్నాను. మంచిదని అన్నీ వండించుకున్నాడు.

రిటైరయ్యేదాకా రైతు శిక్షణ తరగతుల్లో నేను ఒకే పాఠం చెబుతూ వచ్చాను. కాగితంలో ఏముందో చూసే ముందు, అది ఎవరు చెప్పారో చూడండి, చెప్పినవాడి మాట ఇంతవరకూ ఎన్నిసార్లు నిజమైందో చూడండి అని. ఆ సాయంత్రం వెంకటరత్నం చేసింది సరిగ్గా అదే. అతన్ని తప్పు పట్టటానికి నాకు ఈనాటికీ కారణం దొరకలేదు.