బెల్లం అంటిన వేలు

ఆవిడ వేలు నా చేతికి జిగురుగా తగిలింది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసునని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నర్సీపట్నంలో ఒక చిన్న ల్యాబ్‌లో పని నేర్చుకుంటున్న రోజులవి. నేర్పేది మేడమ్, అక్కడి సీనియర్ టెక్నీషియన్. మొదటి వారం నన్ను మిషన్ల దగ్గరికి రానివ్వలేదు. నీలంగా ఉండే బెనెడిక్ట్ ద్రావణం ఇచ్చి, అందులో గ్లూకోజు కలిపి వేడి చేయమన్నారు. నీలం ఆకుపచ్చై, పసుపై, చివరికి ఇటుక రంగులోకి తిరిగింది. పని మర్చిపోయి చూస్తూ ఉండిపోయాను. తర్వాత పంచదార నీళ్ళతో చేయమన్నారు. ఎంత మరిగినా నీలం నీలంగానే ఉంది. తప్పు చేశాననుకుని పారబోయబోతే ఆపారు. పంచదార ఈ పరీక్షకు దొరకదనీ, ప్రతి పరీక్షకీ కనబడనిది ఒకటుంటుందనీ చెప్పారు. ఇంటికెళ్ళగానే ఆ మాట డైరీలో రాసుకున్నాను.

ఆ పెద్దావిడ ల్యాబ్‌కి వచ్చింది చెరకు ఆడే రోజుల్లో. గొలుగొండ వైపు పల్లె, అరవై దాటిన మనిషి. మర్నాడే కంటి ఆపరేషన్. షుగర్ ఎక్కువుంటే చెయ్యరు. బీపీ వల్ల అప్పటికే ఒకసారి వాయిదా పడిందట. స్పిరిట్ దూదితో వేలు తుడిచాను. జిగురు పోలేదు. చెయ్యి కడుక్కు రమ్మనాలి. కానీ అంత పెద్దావిడతో ఆ మాటంటే మీ చెయ్యి మురికిగా ఉందన్నట్టు ఉంటుందేమోనని నోరు పెగల్లేదు. సూది గుచ్చాను. గ్లూకోమీటర్ మూడొందల అరవై రెండు చూపించింది.

“టీలో పంచదారే ఎయ్యను, నాకు సుగరేటి?” అని నవ్వింది ఆవిడ. ఆ నవ్వు నిలవలేదు. ఆపరేషన్ మళ్ళీ ఆపేస్తారా అని రెండుసార్లు అడిగింది.

మేడమ్ నేను రాసిన కాగితంలో అంకె చూసి, ఆవిడ చెయ్యి పట్టుకుని గోళ్ళ సందుల్లోకి చూశారు.

“బెల్లం కాడి నుంచి తిన్నగా వచ్చీసేవేటమ్మా?”

పొద్దున్నే బెల్లం దిమ్మలు గోనెల్లో సర్ది, బస్సు దాటిపోతుందని అలాగే పరుగెత్తుకొచ్చానంది. బెల్లంలో పంచదారతోపాటు కాస్త గ్లూకోజూ ఉంటుంది, వేలికంటిన దాన్ని కూడా మీటరు రక్తంలోదిగానే లెక్కేసింది. మేడమ్ స్వయంగా కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి ఒక్కో వేలూ సబ్బుతో కడిగారు. పెళ్ళికూతురికి కూడా ఇంత నలుగు పెట్టరని ఆవిడ వేళాకోళం చేసింది. తర్వాత మేడమ్ చేతి నరం నుంచి రక్తం తీసి, సీరం వేరు చేసి, అందులో పరీక్ష మందు కలిపారు. షుగర్ ఎంత ఉంటే గులాబీ రంగు అంత చిక్కగా వస్తుంది. ట్యూబులో లేత రంగే వచ్చింది. నూట నాలుగు.

మొదటి కాగితం చింపేసి, తప్పు మాదేనమ్మా అన్నారు మేడమ్. మాది అన్నారు, ఈ అమ్మాయిది అనలేదు. నా వైపు చూడను కూడా లేదు. నా నోట రాని మాటను మేడమ్ ఎంత మామూలుగా అడిగారో, ఆ పెద్దావిడ ఎంత మామూలుగా చెయ్యి చాపిందో ఇప్పటికీ తలుచుకుంటాను.

కొత్త రిపోర్టు నేనే ఇచ్చాను. జిగురు తెలిసి కూడా ఊరుకున్నానని చెప్పేద్దామనుకున్నాను. నేను నోరు తెరిచేలోగా ఆ పెద్దావిడ నా గడ్డం పట్టుకుని, ముఖం దగ్గరికి తీసుకుని, కళ్ళు చికిలించి చూసింది.

“నీ మొకం మంచు కమ్మినట్టుంది పిల్లా. కన్ను బాగయ్యాక వచ్చి సూత్తాను.”