ఐదు వేల నలభై పోగులు

మాది మగ్గం ఇల్లు. చిన్నప్పుడు నా చేతులు కండెలు చుట్టడంలోనే ఉండేవి, పెళ్ళయ్యాక పోగులు అతకడంలో. పలక పట్టే వేళ దొరకలేదు, అందుకే ఇన్నాళ్ళూ ఏమీ రాయలేకపోయాను. అరవై దాటాక, చిక్కపేట వెనక మా సందులోనే ఒక మేడ మీద ఆడవాళ్ళకు చదువు చెబుతుంటే వెళ్ళి నేర్చుకున్నాను. మొన్న టీచరమ్మ మమ్మల్ని మాకు బాగా తెలిసిన పెద్ద సంఖ్య ఒకటి రాయమంది. అందరూ లక్షలు, కోట్లు రాశారు. నేను 5040 రాశాను. పక్కనున్నావిడ తొంగి చూసి, "ఇంతేనా అక్కా? మావాడి స్కూటరు నంబరే దీనికంటే పెద్దదుండాది" అంది. నేనూ నవ్వాను. ఎందుకు రాశావని టీచరమ్మ అడిగితే, చెప్పడం మొదలుపెడితే పొద్దుపోతుందని ఊరుకుని, ఇక్కడ రాస్తున్నాను.

మా మగ్గం మీద, అంచులు కాక, చీర నడిమి భాగానికి ఐదు వేల నలభై పడుగు పోగులు, అంటే నిలువు పోగులు. ఆ లెక్క మా అత్త పెట్టింది కాదు, ఆమె అత్తకంటే ముందునుంచీ ఉన్నది. చారల చీర నేసేటప్పుడు దాని గుణం తెలుస్తుంది. రెండు మొదలు పది దాకా ఎన్ని పోగులకొక చార పెట్టినా చివర ఒక్క పోగు మిగలదు, చార మధ్యలో తెగదు. పన్నెండుకూ అంతే. ఇంత మర్యాద తెలిసిన సంఖ్య ఇంకొకటి లేదని అత్త అనేది. సొంత అల్లుడి గురించి కూడా ఆమె అంత మంచిగా మాట్లాడగా నేను వినలేదు.

నేను కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది, మాకు పట్టు ఇచ్చే దుకాణదారు పదకొండు పోగుల చార కావాలన్నాడు. సందులో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతున్న కాలం అది. ఆయన్ను కాదంటే మాదీ ఆగుతుంది. పదకొండు చొప్పున వేస్తే రెండు పోగులు మిగులుతాయి. ఆ రెండూ తీసేద్దామన్నాడు మా ఆయన. అత్త ఒప్పుకోలేదు. కొత్త పడుగును మగ్గంలోని పాత పడుగు కొసలకు పోగుకు పోగు అతకాలి. ఒకసారి తగ్గినవి మళ్ళీ చేర్చాలంటే మగ్గమంతా విప్పి కట్టాలి. "రేపు ఏడు పోగుల చార అడిగితే యాడికి పోతావప్పా?" అని ఆమె. ఈ పొద్దు పట్టు లేకపోతే ఏం నేస్తామని ఆయన. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, అన్నం మాత్రం ఎవరూ ముట్టలేదు.

మగ్గం సంగతిలో నేను అంతవరకూ నోరు తెరవలేదు. వడ్డించిన కంచాలు చల్లారిపోతుంటే ఉండలేక, "ఆ రెండిట్నీ ఈ పక్కొకటి, ఆ పక్కొకటి పెట్టి, అంచు రంగే వేస్తే ఎవురికి కనబడతాయత్తా?" అన్నాను. అత్త కొడుకు వైపు తిరిగి, "వింటివా? నువ్వు ఎల్లగొట్టమంటివి, ఆ పిల్ల కూచోబెట్టె" అని కంచం దగ్గరికి లాక్కుంది.

భాగహారం వచ్చాక, రెండు తీసేసి ఉంటే ఏమయ్యేదోనని 5038ని పలక మీద భాగించి చూశాను. మూడుతో ఒకటి మిగిలింది, నాలుగుతో రెండు, ఐదుతో మూడు. అలా పది దాకా మెట్లు ఎక్కినట్టు మిగులుతూనే పోయింది. రెండు పోగుల చార తప్ప, మేము ఎప్పుడూ నేసే చారలు ఏవీ సరిపోయేవి కావు. ఆ మెట్ల సంగతి అత్తకు తెలుసో లేదో, అడుగుదామంటే ఆమె లేదు.

ఆ గొడవ తర్వాత, చారల పడుగు తయారయిన మర్నాడు పొద్దున్నే నేను మగ్గం ముందు కూర్చుని, ఎడమ చివర అంచు రంగు వేసిన ఆ పోగుతో మొదలుపెట్టి కొత్త పడుగు అతకసాగాను. ఇన్ని పోగులు ఎప్పటికయ్యేనో అనుకున్నాను. ఆ తర్వాతి ఏళ్ళు ఎప్పుడు అయిపోయాయో నాకు తెలియదు కానీ, ఆ పొద్దు మాత్రం పోగు తర్వాత పోగుగా, నింపాదిగా గడిచింది.