ఖాళీ గ్లాసులో గాలి

...అక్కడిదాకా రాసి నిన్న పెన్ను పెట్టేశా. తర్వాతి మాట రాయడానికి చెయ్యి రాలేదు.

ఇవాళ రాస్తున్నా. మన సైన్స్ సార్ లేరు.

ప్రసాదరావు సార్ చనిపోయింది మా పెరటి బావిలోనే.

నిన్న ఆదివారం కదా, నందిగామ బస్సు దిగి నాకు ట్యూషన్ చెప్పడానికి వచ్చారు. నేను లోపల పుస్తకాలు తీసుకుంటున్నా. పెరట్లో కేకలు. కాసేపటికి అమ్మ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మస్తాన్‌ని పైకి లాగారే. మాస్టారే రాలేదు" అంది.

సార్‌కి బావిలో ఏం పని అనుకున్నా.

పూడిక తీయడానికి దిగిన మస్తాన్ అడుగున కూలబడిపోయాడట. ఎవరూ దిగలేదు. సార్ దిగారు. మస్తాన్ నడుముకి తాడు కట్టారు. అతన్ని లాగి మళ్లీ తాడు వేస్తే, దాన్ని పట్టుకునే చెయ్యి లేదు.

మస్తాన్ బతికాడు.

ఈ కాగితాలు మన నైన్త్ క్లాస్ అమ్మాయిలకి మాత్రమే. చదివి పక్కవాళ్లకి ఇచ్చేయండి. మా ఇంట్లో సార్ పేరు ఎత్తకూడదు.

సార్ గురించి చెప్పాలంటే నాకు ఆ సున్నపురాయి క్లాసే గుర్తొస్తోంది.

క్వారీ లారీల నుంచి రోడ్డు మీద పడిన ముక్కలు మనల్నే ఏరుకు రమ్మన్నారు. గ్లాసులో వేసి కొంచెం యాసిడ్ పోస్తే బుసబుసా పొంగింది. పొంగు తగ్గింది. పక్కన కొవ్వొత్తి వెలిగించారు.

"గ్లాసులో పై భాగం ఖాళీగా ఉంది కదా. ఆ ఖాళీని దీపం మీద ఒంపితే ఏమవుతుంది? ముందు చెప్పండి. తర్వాతే చేద్దాం."

"ఏమీ కాదండీ" అన్నా నేను.

యాసిడ్ తొణక్కుండా ఒంపారు. దీపం ఆరిపోయింది.

"సార్ ఊదేశారండీ" అంది దుర్గ. క్లాసంతా నవ్వు.

"అయితే నేను గుమ్మం దగ్గర నిలబడతా. నువ్వే చెయ్యి తల్లీ."

దుర్గ ఒంపింది. మళ్లీ ఆరింది. దాని మొహం చూడాలి అప్పుడు.

బీఈడీలో తను నేర్చుకున్నదంతా ఇంతేనన్నారు సార్. "మీ బుర్రలో ముందే ఒక మాట కూర్చుని ఉంటుంది. నేను ఎంత అరిచినా అది లేవదు. మీరే ఊహించి, మీ చేత్తోనే చేసి, ఊహ తప్పయితే అప్పుడు లేస్తుంది."

అప్పుడు కుమారి అడిగింది. "సార్, పాత బావుల్లో గాలి ఉంటది, మనుషుల్ని పట్టుకుంటది అంటది మా నాయనమ్మ. అదీ ఇదేనా?"

మనం నవ్వబోతే సార్ చెయ్యెత్తి ఆపారు.

"మీ నాయనమ్మ చూసింది నిజమేనమ్మా. గాలే. కానీ దెయ్యం కాదు. మామూలు గాలి కంటే బరువు, అందుకే అడుగున కూర్చుంటుంది. దీపం ఆరిన చోట మనిషీ ఆరిపోతాడు."

అంత తెలిసిన మనిషే దిగారు. కింద ఒక ప్రాణం ఉంటే దీపం దించి చూసే టైమ్ ఎక్కడిది?

ఇవాళ పొద్దున నాన్న వత్సవాయి నుంచి ఒకాయన్ని పిలిపించాడు. ఆయన నిమ్మకాయలు కోసి బావిలో వేసి, "గాలిని కట్టేశా. ఇంక దిగొచ్చు" అన్నాడు.

రేపు పొద్దున మా బాబాయ్ దిగుతాడట, మిగిలిన పూడిక తీయడానికి.

"గాలి ఇంకా పోలేదు నాన్నా" అన్నా.

"కట్టేశానని ఆయన చెప్పాడుగా" అన్నాడు నాన్న.

గాలి అనే మాట ఒకటే. నేను ఒకటి అంటున్నా, నాన్నకి ఇంకోటి వినపడుతోంది.

కార్బన్ డయాక్సైడ్ అన్నా. నాన్న మొహం మారిపోయింది. "ఇంగ్లీష్ మీడియంలో వేసింది ఇందుకా? ఆ సైన్సే ఆయన్ని తినేసింది. ఇంకోసారి ఆయన పేరెత్తావంటే బడి మానిపిస్తా."

బాబాయ్ నవ్వాడు. "ఏ గాలైనా నన్ను చూసి పారిపోద్దిలేవే."

నాకు నవ్వు రాలేదు. పొద్దుటి నుంచి పెరటి వైపు చూడాలంటేనే భయమేస్తోంది.

ఇంక నేనేం చెప్పను. రేపు లాంతరు తాడుకి కట్టి నాన్న చేతికే ఇస్తా. ఎంత లోతుదాకా వెలుగుతుందో ముందు చెప్పమంటా. తర్వాత ఆ లాంతరు నాన్ననే బావిలోకి దించమంటా.

దుర్గా, కుమారీ, పొద్దున్నే రండి. మీ నాన్నల్ని కూడా తీసుకురండి. ఒక్కదాన్నే అయితే నన్ను బావి దగ్గరికి రానివ్వరు.

సార్, మిమ్మల్ని కొక్కేలు వేసి పైకి తీసి నందిగామ తీసుకెళ్లిపోతుంటే కిటికీలోంచి చూశా. బయటికొచ్చి దండం పెట్టనివ్వలేదు. ఇక్కడి నుంచే పెడుతున్నా. ఎక్కడున్నా నిశ్చింతగా ఉండండి సార్.

తలుపు కొడుతున్నారు.

బాబాయ్. "అమ్మాయ్, ఆ టార్చి ఇటియ్యి. రేపటిదాకా ఎందుకు, ఇంకా పొద్దుందిగా. ఇప్పుడే దిగేస్తా."

కాగితాలు పరుపు కింద పెట్టేసి లాంతరు తీస్తున్నా