మైకక్క పిలిచిన పేర్లు

పిల్లల ఆసుపత్రిలో మందుల కిటికీ పక్కన చిన్న బల్ల, బల్ల మీద మైకు, మైకు వెనక ఆవిడ. చీటీలో ఉన్న పేరు చదివి ఆ బిడ్డను డాక్టరు గదిలోకి పంపడం ఆవిడ ఉద్యోగం. చేరిన కొత్తలో మైకు లేదు. పగలంతా గొంతు చించుకుని పిలిచేది, సాయంత్రానికి ఇంట్లో సైగలతో కాపురం చేసేది. మైకు వచ్చాక గొంతు బతికింది, పేరు పోయింది. అందరికీ మైకక్క అయిపోయింది. చివరికి భర్త కూడా ఫోన్‌లో ఆ పేరే రాసుకున్నాడు.

పోయిన పేరు మీద ఆవిడకు పెద్ద బెంగేమీ లేదు. అదొక పువ్వు పేరు. ఆవిడ పుట్టిన రోజుల్లో జనానికి ఆ పేరు మీద ఎంత మోజంటే, ఆడపిల్ల పుడితే ఇంకో పేరే తోచేది కాదు. ఆవిడ తరగతిలోనే ఐదుగురు. హాజరు పిలిచేటప్పుడు ఐదు గొంతులు ఒకేసారి పలికితే లెక్కల మాస్టారికి ఒళ్లు మండింది.

"ఇది తరగతా, పూలతోటా? ఇవాళ్టి నుంచి మీరు ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు!"

ఆవిడ వంతుకు మూడు వచ్చింది. బడి వదిలేదాకా మూడే. ఓ ఏడాది పాటల పోటీలో ఆవిడకు మొదటి బహుమతి వచ్చింది. వేదిక మీద పెద్దమనిషి అసలు పేరు చదివేసరికి ఐదుగురూ లేచారు. కాళ్లు చురుకైన రెండో నంబరు పరుగున వెళ్లి అందుకుంది. తప్పు తెలిశాక బహుమతి తెచ్చి చేతిలో పెట్టింది గానీ, చప్పట్లు ఎవరు తెచ్చిస్తారు?

అందుకేనేమో, మైకు ముందు కూర్చున్నాక ఎవరి పేరూ నమిలి మింగేది కాదు. ఉన్నదున్నట్టు నిండుగా పలికేది. మొదట్లో వచ్చేవన్నీ తాతల పేర్లు, నానమ్మల పేర్లు. అయ్యలు, అమ్మలు. తర్వాత కుమార్‌లు, రాణులు దిగారు. వాళ్లు సర్దుకునేలోపు సినిమా పేర్లు మొదలయ్యాయి. ఏ సినిమా ఎన్నాళ్లు ఆడిందో ఆవిడ చీటీల్ని బట్టి చెప్పేది. ఆ తర్వాతవి రెండక్షరాల పేర్లు. చూడ్డానికి పొట్టివే గానీ నాలుకను మడత పెట్టేవి.

ఒక తండ్రి తగవుకే వచ్చాడు. "అది 'శ' కాదండీ, 'ష'!"

"చీటీలో 'స' రాశారు నాయనా. నేను మధ్యలో ఎక్కడో ఆగాను" అంది.

అలా రెండక్షరాల మగపిల్లలు గుంపులుగా వస్తున్న రోజుల్లోనే ఆ గొడవ జరిగింది. ఒకే పేరున్న పిల్లలిద్దరు హాల్లో ఉన్నారు. ఒకడికి జలుబు, ఇంకొకడిని కుక్క కరిచింది. ఆవిడ పిలవగానే జలుబు పిల్లాడి తల్లి లేచి లోపలికి వెళ్లింది. నర్సు సూది సిద్ధం చేసుకుని, "కుక్క ఏ కాలి మీద కరిచిందమ్మా?" అని అడగబట్టి సరిపోయింది.

"కుక్కేంటండీ! మావాడికి ముక్కు కారుతోంది!"

కుక్క కరిచినవాడు బయట బిస్కెట్ తింటూ కూర్చున్నాడు. పెద్ద డాక్టరు ఆవిడను గదిలోకి పిలిపించాడు.

"రేపట్నుంచి పేర్లొద్దమ్మా. నంబర్లు పెడదాం. బ్యాంకుల్లో లేవూ?"

"నంబర్లొద్దండీ."

"ఎందుకొద్దు?"

"నన్ను బడిలో మూడు అనేవారండీ. ఇప్పటికీ బజారులో ఎవరైనా కూరలవాడితో 'మూడు' అంటే తిరిగి చూస్తాను. తల్లి పేరు కూడా కలిపి పిలుస్తాను. రెండూ ఒకేలా ఉండవు కదా. ఇంకోసారి ఇలా జరిగితే నంబర్లే పెట్టండి, నోరెత్తను."

డాక్టరు కళ్లజోడు తుడుచుకుని, "సరే, చూద్దాం" అన్నాడు.

మళ్లీ జరగలేదు. పైగా, పెళ్లయిన దగ్గర్నుంచి ఫలానావారి కోడలు, ఫలానావాడి తల్లి అనే పిలుపులకు అలవాటుపడ్డ ఆడవాళ్లు, మైకులో తమ పేరు వినగానే ఉలిక్కిపడి కొంగు సర్దుకుని లేచేవారు. ఇంకొన్నేళ్లకు మైకక్కకు ఒక సంగతి అర్థమైంది. ఒకప్పుడు తను బిడ్డల పేర్లుగా పిలిచినవే ఇప్పుడు చీటీలో తల్లుల వైపుకు జరిగాయి.

ఒకరోజు చీటీ తీసి ఆగిపోయింది. బిడ్డ పేరు దగ్గర తన పువ్వు పేరే ఉంది. మైకులో చప్పుడు లేకపోయేసరికి, "ఏం అక్కా, కరెంటు పోయిందా?" అన్నారెవరో. గొంతు సవరించుకుని పిలిచింది. నిండా పాతికేళ్లు లేని ఓ అమ్మాయి పసిగుడ్డుతో లేచి వచ్చింది.

"మీ అత్తగారి పేరా అమ్మా?"

"కాదండీ! ఎవరికీ లేని పేరు పెట్టాలని తెగ వెతికాం. ఇంత చక్కటి పేరు ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదంటే చూడండి!"

మైకక్క నవ్వును బుగ్గల్లోనే నొక్కిపట్టి, "అవునమ్మా, మంచి పేరు. లోపలికి వెళ్లు" అంది.

ఇంటికొచ్చి భర్తకు చెబుతూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"నీదీ అదే పేరని చెప్పకపోయావా?"

"ఎందుకూ? ఎంత మురిసిపోతోందో పిచ్చిపిల్ల! నాకు చెప్పబుద్ధి కాలేదు."

ఆయనకు చెప్పని మాట ఇంకొకటి ఉంది. ఆ పేరు పిలిస్తే ఒక్కరే లేవడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదలు.

మరుసటి ఏడు సొంత కూతురికి ఆడపిల్ల పుట్టింది. కూతురూ అల్లుడూ నెలల తరబడి తర్జనభర్జన పడి, ఎవరికీ ఉండదనుకుని ఒక పేరు తేల్చారు. ఆ పేరును మైకక్క ఆ వారంలోనే రెండుసార్లు పిలిచి ఉంది. కూతురు మొహం చూసి, "బాగుందే" అని ఊరుకుంది.

టీకా వేయించడానికి కూతురు పాపను అదే ఆసుపత్రికి తెచ్చింది. హాల్లో కూర్చోగానే మైకులో తన పాప పేరు, దాని పక్కన ఇంకెవరిదో తల్లి పేరు. ఎదుటి కుర్చీలోంచి ఒకామె లేచి వెళ్లింది. కూతురు సరాసరి బల్ల దగ్గరికొచ్చింది.

"అమ్మా! నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి చెప్పొద్దూ? అందరికీ ఉన్న పేరు దీనికెందుకు?"

"చెబితే మార్చేదానివా? మీ ఆయనా నువ్వూ మళ్లీ మొదటికొచ్చేవాళ్లు. వెళ్లవే, టీకా అయితే నిద్రపోతుంది."

కూతురు చాలా రోజులు ముభావంగా ఉంది. పేరు మార్చేద్దామని భర్తతో అంది, కొత్తవి వెతికింది కూడా. కానీ అప్పటికే ఆ పిలుపుకు పాప తల తిప్పుతోంది, బోసినోటితో నవ్వుతోంది. మార్చడానికి మనసొప్పలేదు.

ఆ ఎదుటి కుర్చీ ఆమెది పక్క వీధే అని తర్వాత తెలిసింది. సాయంత్రాలు పాపను వేసుకుని వీళ్లింటికి వస్తుంది. పిల్లలిద్దరూ ఒకే చాప మీద పాకుతుంటారు. పిలిస్తే ఇద్దరూ చూస్తారు. ఏది ముందు దగ్గరికొస్తే దాన్ని ఎత్తుకుంటుంది మైకక్క.