తిరిగొచ్చిన మిరపకాయలు

మా పెద్దమ్మ మొన్న శుక్రవారం పొద్దున చనిపోయింది. అక్క ఫోన్లో చెబుతుంటే నమ్మబుద్ధి కాలేదు. సోమవారం పెద్దమ్మా నేనూ కలెక్టరాఫీసుకు వెళ్ళాల్సి ఉంది మరి.

సత్తెనపల్లి దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో ఆమె ముప్పై ఏళ్ళు మిరపకాయల తొడిమలు తీసింది. మీ ఇంటి కారంలోనూ ఆమె చెయ్యి పడే ఉంటుంది. పనికి కూర్చునే ముందు చేతులకు ఆముదం రాసుకునేది. కళ్ళలో నీళ్ళొస్తే మోచేత్తో తుడుచుకునేది, కారం చెయ్యి కంటికి తగలకూడదని. పెళ్ళిళ్ళలోనూ అదే అలవాటు. మేం నవ్వితే, “నవ్వండే, మీ కళ్ళు మండినప్పుడు తెలుస్తది” అనేది.

నిరుడు విదేశాలకు పంపిన సరుకు తిరిగొచ్చింది. పురుగుమందు ఎక్కువుందని అక్కడివాళ్ళు వద్దన్నారు. షావుకారు ఆ బస్తాలు విప్పించి, రంగు చెడినవి ఏరేసి, మిగతావి ఇక్కడి కారం మిల్లుకు పంపమన్నాడు. మన నిబంధనల ప్రకారం అంత మందు ఉన్నా తప్పులేదట. పెద్దమ్మ పీట పక్కకు నెట్టి లేచింది.

“ఏందయ్యా షావుకారూ, ఆళ్ళ పొట్టకి పడంది మన పొట్టకి పడుద్దా?”

ఆమె వెనకే కూలీలంతా లేచారు. షావుకారు పక్క ఊరి నుంచి ఆటోల్లో తెప్పించిన కూలీలకు గేటు దగ్గరే సంగతి చెప్పి వెనక్కి పంపింది. ఆ సీజనంతా ఆమెను ఎవరూ పనికి పిలవలేదు. నేను రైతును తిట్టబోతే మాత్రం ఊరుకోలేదు. మందుల కొట్టువాడు ఏ డబ్బా ఇస్తే రైతు అది కొట్టాడు, అతని తప్పేముంది అంది. నిజమే. వాళ్ళ దేశంలో వాడకూడదన్న మందును మనకు అమ్ముతారు, అది కొట్టిన కాయను మళ్ళీ మన మొహానే కొడతారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటినుంచీ ప్రతి సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ. అక్కడ వద్దన్న సరుకు ఇక్కడ అమ్మకూడదు, అంతే మా కోరిక. రాసేది నేను, గుడ్డసంచిలో ఆ కాయలు మోసేది ఆమె. నిబంధనలు పెట్టేది ఢిల్లీలోనని ఆఫీసరుగారంటే, ఢిల్లీవాళ్ళు కారం తినరా అని అడిగింది.

ఈ సోమవారం ఆమెతో పనిచేసిన ఆడవాళ్ళు నాతో వచ్చారు. సంచి బల్లమీద కుమ్మరించాం. ఆఫీసరుగారు ఒక కాయ విరిచి, గట్టిగా తుమ్మి, కళ్ళ దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళబోయారు.

“చేత్తో కాదు సార్, మోచేత్తో” అన్నాను.

ఆయన మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ అర్జీ అందుకున్నారు. గదిలో అందరూ దగ్గుతున్నారు. మేం మాత్రం కదల్లేదు.