సోమవారం బులెటిన్‌లో చన్నీళ్ళ వైద్యం

జనవరి చలిలో ఒక జబ్బు మనిషికి మూడు రోజులు చన్నీళ్ళ స్నానం చేయించిన ఘనత నాది. ఆమెను చూడనైనా లేదు, చెంబు ముట్టుకోనైనా లేదు. లైబ్రరీ కుర్చీలోంచి కదలకుండానే ఇంత ఘోరం ఎలా చేయవచ్చో తెలుసుకోవాలంటే, అప్పటి నా తెలివిని మీరు కాసేపు భరించాలి.

సూరత్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రి లైబ్రరీలో నా మొదటి ఉద్యోగం. కొత్తగా వచ్చిన పరిశోధనల వార్తలు ఏరి, ప్రతి సోమవారం బులెటిన్‌గా డాక్టర్లకు పంపాలి. కంప్యూటర్‌లో ‘క్యాన్సర్’ అని కొడితే వ్యాసాలు వాటంతట అవే వచ్చి పడేవి. వాటిని చదివి ఏరమన్నారు. నేను శీర్షికలు మాత్రమే చదివేదాన్ని. మూత చూసి కూర రుచి చెప్పగల మహామేధావిని కదా. ఆల్థాన్‌లో ఇంటికెళ్ళి, “ఇవాళ రీసెర్చ్‌తో తల వాచిపోయింది నాన్నా” అంటే, హజీరాలో ఇంజనీరుగా చేసే మా నాన్న నిజమేననుకుని టీ పెట్టి ఇచ్చేవారు.

లైబ్రరీ ఎదురుగానే కీమో ఇచ్చే గది. లింబాయత్‌లో మగ్గాలు నడిపే మల్లయ్య, తనతో పాటే మగ్గం పనిచేసే భార్య నర్సవ్వను అక్కడ వదిలి మా బెంచీ మీద కూర్చునేవాడు. నాకు తెలుగు వచ్చని తెలిసినప్పటి నుంచి నేనంటే వల్లమాలిన గౌరవం. అలాంటి గౌరవం దొరికితే అప్పట్లో నేను నేల మీద ఆగేదాన్ని కాదు.

ఆమెను రక్తపరీక్షకు తెచ్చిన ఒక సోమవారం అడిగాడు. “ఏంది బిడ్డా, గా కాయిదంల మా ఆమెకు పనికొచ్చే ముచ్చట ఏమన్న ఉన్నదా?”

బులెటిన్‌లో మొదటి శీర్షిక చూశాను. “ఉంది బాబాయ్. చల్లటి నీళ్ళలో క్యాన్సర్ ఎదుగుదల తగ్గుతుందని తేలిందట.”

“మరి డాక్టరమ్మ గిట్ల చెప్పలేదేంది?”

“వాళ్ళకు చదివే తీరికెక్కడిది? వాళ్ళకు చెప్పేదే మేము.”

ఈ మాట అన్నది నేనే. ఇప్పుడు రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

అదే వారం గురువారం, నర్సవ్వకు మందు ఎక్కించాల్సిన రోజు, డాక్టరమ్మ నేరుగా లైబ్రరీకి వచ్చింది. వెనక మల్లయ్య, శాలువా కప్పుకుని దగ్గుతున్న నర్సవ్వ.

“ఈమెకు జ్వరం. ఇవాళ మందు ఎక్కించలేను, వారం ఆగాలి” అంది హిందీలో. “చన్నీళ్ళ స్నానం ఎవరు చేయమన్నారంటే నీ పేరు చెప్పాడు. ఏదీ, ఆ పరిశోధన?”

నేను ధీమాగా తెరిచి చూపించాను. ఆమె రెండు వాక్యాలు చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుంది.

“శీర్షికలో క్యాన్సర్ పక్కన ఇంకో లాటిన్ మాట ఉంది, చూశావా?”

“చూశానండీ. అదొక రకం క్యాన్సర్ అనుకున్నాను.”

“రకమే. సముద్రపు పీతల్లో ఒక రకం. ఆ జాతి పేరే క్యాన్సర్. చల్లటి నీళ్ళలో పీతలు నెమ్మదిగా పెరుగుతాయని రాశారు. వలవేసి పట్టారని కూడా ఉంది.”

మందు ఒక వారం ఆలస్యమైతే ఏమవుతుందో నాకు తెలియదు. తెలియదన్న సంగతి ఆ క్షణమే మొదటిసారి తెలిసింది. జరిగింది తెలుగులో చెప్పాల్సింది మాత్రం నేనే. చెప్పాను. మల్లయ్య తల వంచుకున్నాడు. నర్సవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

“నాకు మొదలే డౌటు. పొద్దుగాల లేవంగనే చన్నీళ్ళు పోసుకొమ్మన్నది సదువుకున్నోళ్ళేనా అని” అంది. “జర నువ్వు గూడ పోసుకో బిడ్డా. నిద్ర మత్తు ఇడుస్తది.”

జ్వరం తగ్గింది. మరుసటి వారం మందు ఎక్కించారు, ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు. చికిత్స అయిపోయాక నర్సవ్వ మళ్ళీ మగ్గం దగ్గరికి వెళ్ళింది. అది ఆమెకంటే నాకే పెద్ద భాగ్యం.

ఆ గురువారం సాయంత్రమే డాక్టర్లందరికీ సవరణ పంపాను: మొదటి వార్త పీతల గురించినది, దయచేసి మన్నించండి. పదినిమిషాల్లో మా పరిశోధన విభాగం పెద్దాయన జవాబు వచ్చింది: “చాలా ఉపయోగకరమైన వార్త. మా బృందం చర్చిస్తోంది. ఇందులో ఎంతమంది రోగులు పాల్గొన్నారో తెలుపగలరు.”

ఆ జవాబు సాక్షిగా, కుడిచెయ్యి కీబోర్డు మీద ఉంచి ప్రమాణం చేశాను: ఇకపై రెండో వాక్యం కూడా చదవకుండా ఏ వార్తా పంపను. ఒకవేళ పంపితే, ఆ పెద్దాయనకు మాత్రమే పంపుతాను.